మూడో ఏడులో మానేయమంటున్నారు

సమస్య

మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లెటూరు. నాన్న మిరప, పత్తి వేస్తారు. ఇంటర్ బైపీసీలో మార్కులు బాగానే వచ్చాయి. నీట్ రెండుసార్లు రాశాను, మధ్యలో ఒక ఏడాది విజయవాడలో లాంగ్ టర్మ్ కోచింగ్ కూడా తీసుకున్నాను. ఎంబీబీఎస్ సీటు రాలేదు. కౌన్సెలింగ్‌లో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) వస్తే చేరిపోయాను. మొదటి ఏడాది మనసు లేకుండానే చదివాను. అనాటమీలో బ్రేకియల్ ప్లెక్సస్ (చేతికి వెళ్ళే నరాల అల్లిక) బొమ్మ వేయలేక హాస్టల్ గదిలో ఏడ్చిన రోజులున్నాయి. రెండో ఏడాది నుంచి ఇష్టం కుదిరింది. ఇప్పుడు మూడో ఏడాదిలోకి వచ్చాను, వార్డు పోస్టింగులు మొదలయ్యాయి.

ఈమధ్య మా బంధువుల పెళ్ళిలో మేనత్త అందరి ముందూ, "పిల్లకి మాలిష్ చదువు చెప్పిస్తున్నావా అన్నయ్యా" అంది. అంతకు ముందే ఒక సంబంధం వాళ్ళు "మగాళ్ళ కాళ్ళూ చేతులూ పట్టుకునే ఉద్యోగం మాకొద్దు" అని వెళ్ళిపోయారు. పక్క ఊరి అబ్బాయి ఇదే చదువు చదివి గుంటూరులో నెలకు పదిహేను వేలకు చేస్తున్నాడు. ఇవన్నీ కలిసి నాన్న మనసు విరిగిపోయింది. "పోయింది రెండేళ్ళే, మానెయ్, మళ్ళీ లాంగ్ టర్మ్‌లో చేరు, డబ్బు పక్కన పెట్టాను" అంటున్నారు. నాన్న నా కోసమే అంటున్నారని తెలుసు, అందుకే ఎదురు చెప్పలేకపోతున్నాను. ఈ చదువుకు నిజంగా విలువ ఉందా? పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చా? విదేశాలకు పనికొస్తుందా? నా పేరు వేయకండి.

సలహా

ఈ ఉత్తరంలో అసలు మాట ఒక్కటే ఉంది, దాన్ని అమ్మాయి హడావుడిగా దాటేసింది. "ఇష్టం కుదిరింది" అన్నదే ఆ మాట. మిగతావన్నీ మేనత్త మాటలు, పెళ్ళివారి మాటలు, పక్క ఊరి అబ్బాయి జీతం లెక్కలు.

ముందు నాన్నగారి ప్రతిపాదన సంగతి. 2024లో నీట్ రాసిన వాళ్ళు 23 లక్షల పైచిలుకు. అప్పటికి దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటి కొద్దిగా. రెండుసార్లు రాసి, లాంగ్ టర్మ్ కూడా చేసి రాని సీటు, రెండేళ్ళు పుస్తకాలు పక్కన పెట్టాక మూడోసారి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. రాకపోతే ఎంబీబీఎస్ లేదు, బీపీటీ కూడా లేదు. చేతిలో పాసైన రెండేళ్ళ చదువు ఉంది. అందులోనూ పారేయమంటున్నవి కష్టమైన రెండేళ్ళు. అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్ వంటివి గట్టెక్కి, రోగి దగ్గరకు చేరిన సమయం ఇది.

ఇక "మాలిష్" సంగతి. మేనత్తగారిని ఒక పూట ఆసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో కూర్చోబెడితే ఏం కనిపిస్తుందో చూద్దాం. మోకీలు మార్పిడి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడ బల్ల మీద పడుకుని ఉంటుంది. ఆమె పక్కన నిలబడిన విద్యార్థిని చేతిలో గోనియోమీటర్ ఉంటుంది, రెండు చేతులున్న ప్లాస్టిక్ కొలబద్ద. దాని ఇరుసును మోకాలి బయటి పక్క ఎముక బొడిపె మీద ఆనించి, ఒక చేతిని తుంటి ఎముక వైపు, రెండో చేతిని చీలమండ వైపు చూసేలా ఉంచి, కాలు నెమ్మదిగా వంచమని చెబుతుంది. ఎన్ని డిగ్రీలు వంగిందో రాసుకుంటుంది. కుర్చీలోంచి లేవాలంటే మోకాలు దాదాపు తొంభై డిగ్రీలన్నా వంగాలి. ఆ కొలత రాకుండా ఇంటికి పంపితే ఆ పెద్దావిడ తన మానాన తాను బాత్రూమ్‌కు వెళ్ళడం కష్టమవుతుంది. ఆపరేషన్ ఎంత గొప్పగా జరిగినా సరే.

ఆ పక్క మంచం మీద పక్షవాతం వచ్చిన ఒకాయన. కొడుకులు ప్రేమగా వచ్చి, పడిపోయిన చేతిని పట్టుకుని పైకి లాగుతారు. మన ఇళ్ళలో ప్రతిచోటా జరిగేదే ఇది. బలం పోయిన కండరాలు భుజం కీలును పట్టి ఉంచలేవు కాబట్టి, అలా లాగితే కీలు జారుతుంది, నెలల తరబడి నొప్పి. ఫిజియోథెరపిస్టు ఎదురుగా నిలబడి, తన మోకాలిని రోగి బలహీనమైన మోకాలికి అడ్డుపెట్టి, నడుము దగ్గర పట్టుకుని, ముందుకు వంగమని చెప్పి లేపుతుంది. చూసే వాళ్ళకు రెండు నిమిషాల పని. దాని వెనక కండరాల బలాన్ని 0 నుంచి 5 దాకా కొలిచే పద్ధతి ఉంది, బరువు ఏ కాలి మీద పడుతోందో పట్టే కన్ను ఉంది. కాలి కండరం 2 నుంచి 3కు వచ్చిందంటే భూమ్యాకర్షణకు ఎదురుగా కాలు తనంతట తాను లేస్తోందని అర్థం. పావురం రక్తం రాస్తే పక్షవాతం తగ్గుతుందని నమ్మే ఊళ్ళు ఇంకా ఉన్న చోట, ఈ పని తెలిసిన మనిషి ఒకరు ఉండడం చిన్న సంగతి కాదు.

ఎక్కువ చేయిస్తే ఎక్కువ మేలు అన్న లెక్క కూడా ఇక్కడ పనిచేయదు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగిని గట్టిగా లేపి తిప్పితే ఏమవుతుందని ఐదు దేశాల్లో 2,104 మంది మీద ఒక పెద్ద పరిశోధన చేశారు. ఫలితాలు 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అంత తొందరగా, అంత ఎక్కువగా లేపిన వాళ్ళలో కోలుకున్నవారి పాలు మామూలు వైద్యం అందినవారి కంటే తగ్గింది. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత చేయించాలి, ఎక్కడ ఆపాలి అని తేల్చుకోవడానికే ఇన్నేళ్ళ చదువు.

రోగిని ముట్టుకోవడం గురించి పెళ్ళివారు అన్న మాటకు పెద్ద జవాబు అక్కర్లేదు. నర్సులూ లేడీ డాక్టర్లూ మగ రోగులను ముట్టుకోకుండా వైద్యం చేయడం లేదు. ఫిజియోథెరపీలో మొదట నేర్పేవాటిలో ఒకటి, ఏం చేయబోతున్నామో చెప్పి రోగి ఒప్పుకోలు తీసుకోవడం, అవసరమైన భాగం వరకే బట్ట తొలగించడం. ఆ సంబంధం తప్పిపోవడమే మంచిదైంది. అయితే ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఈ వృత్తిలో ఇంటికి వెళ్ళి వైద్యం చేసే పని ఎక్కువ. కొత్తలో ఒంటరిగా తెలియని ఇళ్ళకు వెళ్ళకుండా, రోగి ఇంట్లో మరొకరు ఉండే వేళే వెళ్ళాలని ఆమె ముందే నియమం పెట్టుకోవాలి.

జీతం విషయంలో నాన్నగారి భయం ఉత్తది కాదు. మొదట్లో ప్రైవేటు క్లినిక్కుల్లో ఇచ్చేది తక్కువే, ప్రభుత్వ పోస్టులూ కొద్దే. ఉన్నవి ఎక్కడున్నాయో మాత్రం తెలిసి ఉండాలి. జిల్లా స్థాయిలో పిల్లల లోపాలను తొలిదశలోనే గుర్తించే డీఈఐసీ కేంద్రాల్లో ఫిజియోథెరపిస్టు పోస్టు ఉంటుంది. మండలాల్లోని భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లలకు ఫిజియోథెరపీ చేయిస్తారు. రైల్వే 2024లో ఇచ్చిన పారామెడికల్ నోటిఫికేషన్‌లోనూ ఈ పోస్టులు ఉన్నాయి. ఎముకలు, నరాలు, గుండె-ఊపిరితిత్తులు, పిల్లలు, క్రీడలు వంటి వాటిలో ఒకదాన్ని ఎంచుకుని రెండేళ్ళ ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) చేసిన వాళ్ళకు బోధన దారి కూడా తెరుచుకుంటుంది. పక్క ఊరి అబ్బాయి అది చేశాడో లేదో ఉత్తరంలో లేదు.

ఇక గుర్తింపు సంగతి. ఈ చదువుకు చాలాకాలం గట్టి చట్టపు ఆసరా లేదు. పునరావాస రంగాన్ని చూసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జాబితాలో ఆడియాలజిస్టులు, కృత్రిమ అవయవ నిపుణులు ఉన్నారు గానీ ఫిజియోథెరపిస్టులు లేరు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వీళ్ళను తన పరిధిలోకి తెచ్చింది. ఆ కమిషన్ 2025 ఏప్రిల్‌లో తెచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక బీపీటీని ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళు చేసింది. నాలుగున్నరేళ్ళ పాత పద్ధతిలో చేరినవాళ్ళు తమ బ్యాచ్‌కు ఏది వర్తిస్తుందో విశ్వవిద్యాలయం నోటీసు చూసి తేల్చుకోవాలి. క్యాంటీన్ కబుర్లు నమ్మకూడదు.

పేరు ముందు డాక్టర్ గొడవ ఇంకా చల్లారలేదు. అదే కొత్త పాఠ్యప్రణాళిక పేరు ముందు డాక్టర్, చివర పీటీ అని పెట్టుకోవచ్చంది. అదే ఏడాది సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అలా వాడకూడదని లేఖ రాసి, ఒక్క రోజులోనే వెనక్కి తీసుకుంది. ఆ బిరుదు చూపించి మేనత్త నోరు మూయించాలని గనక అమ్మాయి ఆశ పడుతుంటే, ఆ ఆశ వదులుకోవడమే మేలు.

విదేశాల మాట. అమెరికాలో ఈ వృత్తికి మొదటి డిగ్రీయే డాక్టరేట్ స్థాయిది. అందువల్ల మన బీపీటీ చదువును అక్కడి కొలతతో బేరీజు వేయించుకుని, ఎన్‌పీటీఈ లైసెన్సు పరీక్ష పాసవ్వాలి. బ్రిటన్‌లో హెచ్‌సీపీసీ అనే నియంత్రణ సంస్థలో రిజిస్ట్రేషన్ లేకుండా ఫిజియోథెరపిస్టునని చెప్పుకోవడమే నేరం. ఆస్ట్రేలియాలో అక్కడి ఫిజియోథెరపీ కౌన్సిల్ పరీక్షించి గానీ ఒప్పుకోదు. వీటన్నిటిలోనూ కావలసింది ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివారు, ఏ వార్డులో ఎన్ని గంటలు పనిచేశారు అన్న కాగితాలు. ఇవి చదువు అయిపోయిన పదేళ్ళకు వెతికితే దొరకవు. సిలబస్ ప్రతి, పోస్టింగ్ లాగ్‌బుక్, సంతకాలతో సహా ఇప్పటినుంచే భద్రం చేసుకోవాలి.

ఎంబీబీఎస్ రాలేదన్న బెంగ ఇంకా మిగిలి ఉంటే ఆమె మేరీ వర్ఘీస్ గురించి చదవాలి. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో (సీఎంసీ) యువ డాక్టరుగా ఉన్న ఆమెకు 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని కాళ్ళు చచ్చుబడ్డాయి. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తర్వాత పునరావాస వైద్యం చదివి వచ్చి ఆ విభాగాన్ని నడిపింది. 1966లో వేలూరులో తెరిచిన పునరావాస కేంద్రం ఆమె కృషి ఫలితమే. ఆపరేషన్ తర్వాత మనిషి మళ్ళీ ఎలా బతకాలన్నది కూడా వైద్యమేనని ఆమె తన ఒంటి మీదే తెలుసుకుంది.

విద్యార్థిని తనను తాను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కాలేజీలో రోగులు సరిపడా వస్తున్నారా? మన దగ్గర కొన్ని ప్రైవేటు కాలేజీల్లో యంత్రాలు ఉంటాయి, రోగులు ఉండరు. అలాంటి చోట అల్ట్రాసౌండ్ చికిత్స యంత్రం మీటలు నొక్కడం వస్తుంది గానీ చెయ్యి తిరగదు. ఆమె కాలేజీ పరిస్థితి అదే అయితే, సెలవుల్లో దగ్గరలోని ప్రభుత్వ బోధనాసుపత్రి ఫిజియోథెరపీ విభాగాధిపతిని కలిసి, వచ్చి నేర్చుకుంటానని అడగాలి. ఇంటర్న్‌షిప్ కూడా రోగులు ఎక్కువ ఉండే ఆసుపత్రిలోనే చేయాలి. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో ఫిజియోథెరపీ చదువు ఉంది, పెద్ద వార్డులూ ఉన్నాయి. ఎంపీటీకి దరఖాస్తు చేసే రోజున అక్కడి పేర్లు కూడా జాబితాలో ఉండాలి.

నాన్నగారితో వాదించే బదులు, మిరప కోతలు లేని ఒక రోజు చూసి ఆయన్ను ఆసుపత్రికి తీసుకువెళ్ళడం మంచిది. విభాగాధిపతి అనుమతి తీసుకుని, రోగులకు ఇబ్బంది లేకుండా ఒక మూల కూర్చోబెట్టాలి. జీతం సంగతి, ఎంపీటీ సంగతి ఆమె సీనియర్ల నోటే వినిపించాలి. ఇప్పుడు చదువు మానేయడం తప్పు నిర్ణయం. లాంగ్ టర్మ్ కోసం ఆయన పక్కన పెట్టిన డబ్బును కదపకుండా ఎంపీటీ ఫీజుకు ఉంచమని అమ్మాయి అడగాలి.