మాంసకృత్తులంటే మాంసం కాదవ్వా!

(ద్వితీయ బి.ఎ., ఐచ్ఛిక తెలుగు)

పోయిన వారం సమాసాల క్లాసులో మేడమ్ "మాంసకృత్తు"కు విగ్రహవాక్యం చెప్పమన్నారు. వెనక బెంచీలో ఎవరో "మాంసపు కూర" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ఒక్క మాట వల్ల మా అవ్వ నెల రోజులు కరోనా సూది వేయించుకోకుండా ఇంట్లో కూర్చుంది. ఆ మాట చెప్పింది నేనే.

2022 ఆగస్టు నెలాఖరు. నేను పదో తరగతిలో ఉన్నాను. అవ్వకు అప్పటికి 74 ఏళ్ళు, షుగర్ కూడా ఉంది. కోవిషీల్డ్ రెండు డోసులు ముందు ఏడాదే అయిపోయాయి. కోవిషీల్డ్ గానీ కోవాక్సిన్ గానీ వేసుకొని ఆరు నెలలు దాటిన పెద్దవాళ్ళకు మూడో డోసుగా కార్బెవాక్స్ ఇవ్వొచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ నెలలోనే చెప్పింది. అవ్వను ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే. మన బళ్ళారిలో మామూలే కదా, అక్కడ మాటలన్నీ కన్నడంలో. "ఇదు ప్రోటీన్ లసికె, అజ్జీ" అన్నది నర్సమ్మ. లసికె అంటే టీకా అని అవ్వకు తెలుసు. "ప్రోటీన్ అంటే ఏందే?" అని నన్నడిగింది. మా అమ్మ గుంతకల్లులో చదువుకున్న నాటి సైన్సు పుస్తకంలో చూసిన మాట గుర్తొచ్చి, గొప్పగా "మాంసకృత్తులు అవ్వా!" అన్నాను.

మా ఇంట్లో మాంసం ముట్టరు. అవ్వ లేచి నిలబడింది. "ఈ వయసులో నా ఒంట్లోకి మాంసం ఎక్కిస్తారా? పద ఇంటికి" అన్నది. అంతే. ఆ నెలంతా అవ్వ దగ్గినప్పుడల్లా నాకు గుండె గుభేలుమనేది.

విగ్రహవాక్యం మేడమ్ చెప్పినట్టు "మాంసమును చేయునది". కృత్ అంటే చేసేది. మన కండ ఏ పదార్థంతో తయారవుతుందో అది మాంసకృత్తు. మాంసం నుంచి తీసింది అని కాదు. కందిపప్పులో ఉన్నదీ అదే, పాలలో ఉన్నదీ అదే. కన్నడ పుస్తకాల్లో దీన్నే "ససారజనక" అంటారు, అంటే సారజనకం (మన నత్రజని) కలిగినది అని. ఆ మాటలో ఈ తిప్పలు లేవు. నేనా రోజు కన్నడ మాటే చెప్పి ఉంటే సరిపోయేది.

సరే, ఆ సీసాలో ఏముంది? కరోనా వైరస్ ఒంటి నిండా ముళ్ళుంటాయి కదా, ఒక్కొక్క ముల్లు ఒక ప్రోటీన్. 1273 అమైనో ఆమ్లాలు దండలా గుచ్చితే ఒక ముల్లు పోగు అవుతుంది. అందులో సుమారు 200 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి మన కణాల తలుపు గొళ్ళెం పట్టుకునే చెయ్యి లాంటిది. కార్బెవాక్స్‌లో ఉన్నది ఆ చెయ్యి మాత్రమే. వైరస్ లేదు, చచ్చిన వైరస్ కూడా లేదు. మన ఒంట్లోని కాపలా కణాలు ఆ చేతిని చూసి గుర్తుపెట్టుకుంటాయి. రేపు అసలు దొంగ వస్తే చెయ్యి చూసే పట్టేస్తాయి.

మిగిలిన టీకాలతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. కోవాక్సిన్‌లో వైరస్ మొత్తం ఉంటుంది, కానీ చంపేసి ఇస్తారు. కోవిషీల్డ్‌లో, అమెరికా వాళ్ళ ఎమ్ఆర్ఎన్ఏ టీకాల్లో ముల్లు ఉండదు, ముల్లు ఎలా చెయ్యాలో రాసిన చీటీ ఉంటుంది. ఆ చీటీ చదివి మన కణాలే వండుకుంటాయి. ప్రోటీన్ టీకా అంటే ఎక్కడో వండి, డబ్బాలో పెట్టి తెచ్చిన వంట.

మరి ఎక్కడ వండుతారు? ఇక్కడే అవ్వ ప్రశ్నకు అసలు జవాబు ఉంది. కార్బెవాక్స్ ముక్కను వండేది ఈస్టు. రొట్టె పొంగించే ఈస్టు జాతిదే గానీ ఇది వేరే రకం, పేరు పిచియా పాస్టోరిస్. ఆ ముక్క తయారీకి కావలసిన జన్యువును ఈస్టులో పెట్టి పెద్ద పెద్ద తొట్లలో పెంచుతారు. తరువాత ప్రోటీన్‌ను విడదీసి శుద్ధి చేస్తారు. మాంసం సంగతే లేదు. దీన్ని రూపొందించింది అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని టెక్సాస్ చిల్డ్రన్స్ ఆసుపత్రి, బేలర్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొట్టాజ్జి బృందం. వాళ్ళు దీనికి పేటెంటు తీసుకోలేదు. తయారు చేసింది హైదరాబాదులోని బయొలాజికల్ ఇ. సంస్థ. 2021 డిసెంబరు 28న మన దేశంలో అత్యవసర అనుమతి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో చేర్చుకున్నది మాత్రం 2024 జనవరిలో, చాలా ఆలస్యంగా.

అదే డిసెంబరు 28న అనుమతి పొందిన ఇంకో ప్రోటీన్ టీకా కోవోవాక్స్. అమెరికాలోని నోవావాక్స్ సంస్థది, ఇక్కడ పుణెలోని సీరం సంస్థ తయారు చేసింది. ఇందులో చెయ్యి ఒక్కటే కాదు, ముల్లు మొత్తం ఉంటుంది. దీన్ని వండేది ఈస్టు కాదు, ఒక పురుగు కణాలు. ఏ పురుగో తెలుసా? మొక్కజొన్నను తినేసే కత్తెర పురుగు! 2018లో మన దేశంలో మొదటిసారి కనబడింది కూడా మన కర్ణాటకలోనే. చేలో రైతు కడుపు కొట్టేది, ప్రయోగశాలలో టీకా వండిపెట్టేది ఒకే జాతి అని చదివి నేను చాలాసేపు నమ్మలేదు. అయితే టీకా కోసం పొలాల్లో పురుగులు పట్టరు. ఎన్నో దశాబ్దాల క్రితం తీసిన కణాలనే ప్రయోగశాలల్లో పెంచుకుంటూ వస్తున్నారు. ఈ సంగతి అవ్వకు ఇంతవరకూ చెప్పలేదు, చెప్పను కూడా.

వండిన ప్రోటీన్ ఒక్కదాన్నే ఇస్తే కాపలా కణాలు పెద్దగా పట్టించుకోవు. ఉప్పూకారం లేని కూడు ఎవరికి ఎక్కుతుంది? అందుకని ఉసిగొల్పే పదార్థం ఒకటి కలుపుతారు. దాన్ని అడ్జువెంట్ అంటారు. తెలుగులో "సహాయకం" అనొచ్చునేమో, మేడమ్ ఇంకా మంచి మాట చెబితే దిద్దుకుంటాను. కార్బెవాక్స్‌లో ఇవి రెండు. ఒకటి అల్యూమినియం హైడ్రాక్సైడ్, మన పటికకు దూరపు చుట్టం. రెండోది 22 అక్షరాల చిన్న డీఎన్ఏ పోగు. డీఎన్ఏ అనగానే భయపడొద్దు. అది జన్యువు కాదు, దేన్నీ తయారు చెయ్యమని చెప్పదు. బాక్టీరియా డీఎన్ఏను పోలి ఉంటుంది గనుక, చూడగానే కాపలా కణాలు ఉలిక్కిపడి లేస్తాయి. కోవోవాక్స్‌లో సహాయకం దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఒక చెట్టు బెరడు నుంచి వస్తుంది. ఆ చెట్టుకు సబ్బు చెట్టని పేరు. అందులోని సాపోనిన్లనే పదార్థాలే మన కుంకుడుకాయలోనూ ఉంటాయి. తలంటు నాడు నురగ వచ్చేది వాటివల్లే. అలాగని కుంకుడు రసం టీకా కాదు, ఎవరూ ప్రయత్నించొద్దు!

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు వేసే హెపటైటిస్ బి టీకా ఇలాంటిదే. మన దేశంలో దాన్ని మొదట తయారు చేసింది హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్, 1997లో. వాళ్ళు వాడిందీ పిచియా ఈస్టే. ఆ సంస్థ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు మన శాఖ వాళ్ళకు "హాసం" పత్రికతో తెలిసినవారే. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా కూడా ప్రోటీన్ టీకానే. సీరం సంస్థ తయారు చేసిన సెర్వావాక్‌ను 9 నుంచి 26 ఏళ్ళ వాళ్ళకు అనుమతించారు, అంటే మనందరికీ. దాని గురించి వేరే వ్యాసం రాయాలి.

ఇంక ఎవరు వేసుకోవచ్చు అన్నది. కార్బెవాక్స్‌కు మొదట పెద్దవాళ్ళకు, 2022 ఫిబ్రవరిలో 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకు, ఏప్రిల్‌లో 5 ఏళ్ళు దాటిన పిల్లలకు అనుమతి వచ్చింది. చేతి కండకు అర మిల్లీలీటరు, 28 రోజుల తేడాతో రెండుసార్లు. కోవోవాక్స్ 7 ఏళ్ళు దాటినవాళ్ళకు, డోసుల మధ్య 21 రోజులు. మామూలు ఫ్రిజ్జులో 2 నుంచి 8 డిగ్రీల చలిలో నిలవ ఉంటాయి గనుక పల్లెటూరి ఆసుపత్రికి కూడా చేరతాయి.

షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్నవాళ్ళు వేసుకోవచ్చు. నిజానికి వాళ్ళకే ఎక్కువ అవసరం. కాన్సర్ మందులు వాడేవాళ్ళు, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు కూడా వేసుకోవచ్చు, ఎందుకంటే ఇందులో బతికిన వైరస్ లేదు, టీకా వల్ల జబ్బు రాదు. కాకపోతే వాళ్ళ ఒంట్లో కాపలా బలం తక్కువ గనుక ఫలితం తగ్గొచ్చు. డాక్టరును అడిగి డోసులు నిర్ణయించుకోవాలి. రక్తం పలచబడే మందులు మింగేవాళ్ళు సూదికి ముందే ఆ మాట చెప్పాలి. జ్వరం గట్టిగా ఉంటే తగ్గేదాకా ఆగాలి. వద్దనేది ముఖ్యంగా ఒక్కరికే: ముందు డోసుకు గానీ, టీకాలోని ఏదైనా పదార్థానికి గానీ ఊపిరాడనంత ఎలర్జీ వచ్చినవాళ్ళకు. నోవావాక్స్ తరువాత అరుదుగా గుండె కండరానికి వాపు కనబడింది. ఛాతీలో నొప్పి, దడ వస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

గర్భిణులకు కరోనా టీకాలు ఇవ్వొచ్చని మన ప్రభుత్వం 2021 జూలై 2న చెప్పింది. ఏ టీకా అన్నది మాత్రం చూసే డాక్టరమ్మతో మాట్లాడి తేల్చుకోవాలి.

నెలసరి మాట కూడా చెప్పాలి. నెలసరికి ఐదు రోజులు ముందూ వెనకా ఆడపిల్లలు టీకా వేసుకోకూడదని 2021 ఏప్రిల్‌లో వాట్సాప్‌లో ఒక సందేశం తిరిగింది. మా వీధిలో దాన్ని నమ్మనివాళ్ళు లేరు. అది అబద్ధమని ప్రభుత్వమే ప్రకటించింది. టీకా తరువాత నెలసరి సగటున ఒక రోజు కంటే తక్కువే ఆలస్యమైందని, మళ్ళీ సర్దుకుందని 2022లో అమెరికాలో అచ్చైన ఒక అధ్యయనం చెప్పింది. అందులో ఎక్కువమంది వేసుకున్నవి ఎమ్ఆర్ఎన్ఏ టీకాలు.

ఇప్పుడు మనం పరిగెత్తి వేయించుకోవాలా అంటే, అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలను, కౌమార వయసు వాళ్ళను 2023 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వరుసలో చివర పెట్టారు. ముందు నిలబడాల్సింది ముసలివాళ్ళు, జబ్బులున్నవాళ్ళు. అమెరికాలో కూడా 2025 మే నెలలో నోవావాక్స్‌కు పూర్తి అనుమతి ఇస్తూ 65 ఏళ్ళు దాటినవాళ్ళకు, 12 నుంచి 64 ఏళ్ళ మధ్య ఏదైనా జబ్బు వల్ల ముప్పు ఎక్కువున్నవాళ్ళకు అని పరిమితం చేశారు. అక్కడ అక్కలు, బావలు ఉన్నవాళ్ళు ఈ సంగతి చెప్పండి.

మా అవ్వ సంగతి? దసరాకు ముందు నాన్న మళ్ళీ ఆసుపత్రికి పిలుచుకుపోయినాడు. ఈసారి డాక్టరమ్మ నవ్వి, "అజ్జీ, తొగరి బేళెయల్లూ ప్రోటీన్ ఇదె" అన్నది. కందిపప్పులో కూడా ప్రోటీన్ ఉంది అని. అవ్వ నా వైపు తిరిగి, "పప్పు అని చెప్పడానికి నీకు నోరు రాలేదా?" అని తిట్టి చెయ్యి చాపింది. మరునాడు చెయ్యి కాస్త నొప్పి పెట్టింది, అంతే.

ఒక చిన్న పని. 2007లో, అంతకు ముందు పుట్టిన మాకు 2022 జనవరిలో బడిలో వేసింది కోవాక్సిన్. 2008లో పుట్టిన చెల్లెళ్ళకు అదే ఏడాది మార్చి 16 నుంచి వేసింది కార్బెవాక్స్. అంటే మీలో చాలామంది ఒంట్లో ఈ పాఠం ఎప్పుడో జరిగిపోయింది. ఫోనులో సర్టిఫికెట్ ఉంటే తీసి పేరు చూడండి. అనుమానాలుంటే ఈ కాగితం కింద అంటించిన తెల్లకాగితం మీద రాయండి. జంతుశాస్త్రం మేడమ్‌ను అడిగి వచ్చే సంచికలో జవాబు పెడతాను.