విందుబల్లకు ఏ ప్రక్కన? — క్రైస్తవ చిత్రకళలో ద్రోహి రూపము

శత్రువు చేసిన కీడును లోకము కీడనియే చెప్పును. మిత్రుడు చేసిన కీడును ద్రోహమనును. ద్రోహమునకు ముందు నమ్మకముండి తీరవలెను. అందుచేతనే మన పెద్దలు ఈ పాపమును గూర్చి పలికిన మాటలు ఇంటిచుట్టును, అన్నముచుట్టును తిరుగుచుండును. కృతఘ్నుని తిన్నయింటి వాసములు లెక్కించువాడన్నారు. ఇంటిగుట్టు లంకకు చేటన్నారు. క్రైస్తవ వేదగ్రంథమునందలి మిక్కిలి ప్రసిద్ధమైన ద్రోహకథయు ఒక భోజనపంక్తియందే మొదలైనది. ఆ పంక్తిని చిత్రించిన పటము పురసవాక్కమునందును, దాని ప్రక్కనున్న వేపేరియందును పెక్కు క్రైస్తవగృహముల భోజనశాలలలో కానవచ్చును. ఆ పటమును చూచిన విద్యార్థులు పలువురు ఉందురు; అందు ద్రోహి యెవ్వడని వెదకినవారు కొందరే యుందురు. చిత్రకారులు ఆ ద్రోహిని ఎచట కూర్చుండబెట్టిరి, దానినుండి మనము నేర్వదగినదేమి అను విషయములను ఈ వ్యాసమున విచారింతము.

కథా సంగ్రహము

యేసుక్రీస్తునకు పండ్రెండుగురు ముఖ్యశిష్యులు. వారిలో ఇస్కరియోతు యూదా యనువాడు అందరి డబ్బుసంచిని మోయుచుండెను. అతడు ప్రధానయాజకులయొద్దకు పోయి, తన గురువును పట్టియిచ్చుటకు ముప్పది వెండి నాణెములకు ఒప్పుకొనెను. పస్కా పండుగనాటి రాత్రి యెరూషలేములో గురుశిష్యులు భోజనమునకు కూర్చుండగా, తనను పట్టియిచ్చువాడు ఈ పంక్తియందే యున్నాడని యేసు చెప్పెను. మత్తయి వ్రాసిన ప్రకారము, అప్పుడు శిష్యులు మిక్కిలి దుఃఖపడి, ఒకరిమీద నొకరు నింద మోపక, ఒక్కొక్కడును అట్టివాడు తానేమోయని గురువునే అడిగెను. ఆ రాత్రియే గెత్సేమనే తోటలో యూదా గురువును ముద్దుపెట్టుకొని భటులకు ఆనవాలు చూపెను. ఆ రాత్రియే పేతురు కోడి కూయకముందు ముమ్మారు తన గురువు నెరుగనని బొంకెను. ఒకడు అమ్మెను; ఒకడు కాదనెను; తక్కినవారు పారిపోయిరి.

ఒక తెలుగుమాట

ఈ చెన్నపట్టణమునకు 1726లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ అను జర్మను మతబోధకుడు బైబిలును తెనిగింప పూని 1732 నాటికి ఆ పనిని ముగించెను. ఆ అనువాదము అచ్చునకు ఎక్కలేదు. తరువాత ఇతరులు చేసిన అనువాదమే నేడు మన దేవాలయములలో చదువబడుచున్నది. అందు యూదా చేసిన పనికి ముఖ్యముగా వాడబడిన మాట ‘అప్పగించుట’. మూలమగు గ్రీకుభాషలోని ‘పరదిదోమి’ యను క్రియకును అర్థమిదియే. ఈ క్రియ యూదాకు మాత్రమే చెందినది కాదు. యూదా యేసును యాజకులకు అప్పగించెను. యాజకులు రోమా అధికారియగు పిలాతునకు అప్పగించిరి. పిలాతు సిలువ వేయుటకు అప్పగించెను. దేవుడు లోకముకొరకు తన కుమారుని అప్పగించెనని చెప్పుటకు పౌలు ప్రయోగించిన మాటయు ఇదియే. ఒకే మాట ద్రోహమునకును త్యాగమునకును పనికివచ్చినది. దోషము ఒక్క మనుష్యునియందే ముగియలేదని ఈ మాట యొక్క నడకయే చెప్పుచున్నది. చిత్రకళలో మాత్రము ఈ విషయము చాలకాలము మరుగుపడినది.

ఒంటరి పీట

ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమున సంత్ అపొలోనియా యను కన్యాశ్రమము ఉండెను. 1447లో ఆండ్రియా దెల్ కస్తాన్యో అచ్చటి భోజనశాల గోడపై కడరాత్రి విందును చిత్రించెను. బల్లకు ఆవలిప్రక్కన యేసును, పదునొకండుగురు శిష్యులును వరుసగా నున్నారు. ఈవలిప్రక్కన యూదా యొక్కడే కూర్చున్నాడు. చూచువానికి నిమిషమైనను సందేహముండదు. ఈ ఏర్పాటు కస్తాన్యో కల్పించినది కాదు. అనేకులు అనుసరించిన ఆచారమిది. చదువురానివారికి కథ తెలియవలెనన్న ఉద్దేశమున దీనికి కొంత సమాధానము చెప్పవచ్చును. అయినను దీనివలన ఒక నష్టము కలిగినది. ద్రోహి ఇంత స్పష్టముగా వేరుపడియున్నచో, ఆ పండ్రెండుగురు తమ్ము తాము అనుమానించుకొనుట యెందుకు? చిత్రకారుడు జవాబును ముందే చెప్పి ప్రశ్నను చెరిపివేసెను.

లియొనార్డో చేసిన మార్పు

సుమారు 1495 నుండి 1498 వరకు లియొనార్డో డావిన్సీ మిలాను నగరమున సాంతా మరియా దెల్లే గ్రాత్సియే ఆశ్రమపు భోజనశాలలో ఇదే విందును చిత్రించెను. మన యిండ్లలోని పటములకు మూలమిదియే. ఇది సుమారు తొమ్మిదిన్నర గజముల పొడవు గల గోడచిత్రము. తడిసున్నముపై వేగముగా చిత్రించు పద్ధతిని విడిచి అతడు పొడిగోడపై రంగులు వేసినందున, చిత్రము కొలది సంవత్సరములకే పెచ్చులూడ నారంభించెను. 1943లో ఆ ఆశ్రమముపై బాంబులు పడినను ఆ గోడ నిలిచినది. 1978 నుండి 1999 వరకు దానిని శుభ్రపరచి బాగుచేసిరి.

ఇందు లియొనార్డో యూదాను ఒంటరి పీటనుండి లేపి, బల్లకు ఆవలికి తీసికొనిపోయి, అందరి నడుమ కూర్చుండబెట్టెను. శిష్యులు మువ్వురు మువ్వురుగా నాలుగు గుంపులై యున్నారు. యేసునకు కుడిప్రక్కనున్న గుంపులో యోహాను, పేతురు, యూదా కలరు. యూదా వెనుకకు ఒరిగి డబ్బుసంచిని పిడికిట పట్టియున్నాడు. వాని ముఖమున నీడ పడియున్నది. అతని వెనుకనుండి పేతురు ముందునకు వంగి యోహానుతో మాటలాడుచున్నాడు. ప్రియశిష్యుడు, బొంకబోవు శిష్యుడు, అమ్మివేసిన శిష్యుడు ఒకరినొకరు తాకునంత దగ్గరగా నున్నారు. చూచువాడు ఒక్కొక్క ముఖమును పరీక్షింపవలసివచ్చును. అట్లు పరీక్షించుచుండగా శిష్యుల ప్రశ్న మరల జీవించును.

ఈ చిత్రమును గూర్చి ఒక కథ ప్రసంగములలో తరచు వినవచ్చును. క్రీస్తునకు నమూనాగా కూర్చున్న సుందరయువకుడే పెక్కేండ్ల పిమ్మట దురాచారములచే చెడి, యూదాకును నమూనాగా వచ్చెనని ఆ కథ. దీనికి ఆ కాలపు ఆధారమేదియు లేదు. చిత్రము మూడు నాలుగేండ్లలో ముగిసినది గాన ఆ పెక్కేండ్లకు చోటును లేదు. 1550లో చిత్రకారుల చరిత్రలను ప్రకటించిన వాసారి వేరొక కథ చెప్పెను. పని ఆలస్యమగుచున్నదని ఆశ్రమాధిపతి ఫిర్యాదు చేయగా, యూదాకు తగిన ముఖము దొరకకున్నచో ఆ అధిపతి ముఖమునే వేసెదనని లియొనార్డో నవ్వులాటగా అనెనట. ద్రోహి ముఖమును వెదకువాడు వీథులకే పోనక్కరలేదని ఈ చమత్కారమునకు భావము.

పసుపుపచ్చని వస్త్రము

ఇటలీలోని పాదువా నగరమున స్క్రొవేన్యి ప్రార్థనామందిరము గలదు. సుమారు 1305లో జొత్తో అందు యూదా ముద్దును చిత్రించెను. చుట్టును దివిటీలు, ఈటెలు. నడుమ యూదా తన పసుపుపచ్చని పైవస్త్రముతో యేసును పూర్తిగా కప్పివేసినాడు. రెండు ముఖములు ఎదురెదురుగా, మిక్కిలి చేరువగా నున్నవి. స్నేహచిహ్నమే ఆయుధమైన క్షణమును ఇంతకన్న బాగుగ చూపినవారు అరుదు.

కాని ఆ పసుపువన్నెకు తరువాత దుఃఖకరమైన చరిత్ర పట్టినది. ఐరోపాలో పెక్కుమంది చిత్రకారులు యూదాకు పసుపువస్త్రమును, ఎఱ్ఱజుట్టును, వంకరముక్కును పెట్టి, అతనినొక్కనినే యూదజాతివానిగా గుర్తుపట్టునట్లు చిత్రించిరి. యేసును, పేతురును, యోహానును యూదులేయన్న సత్యమును ఆ చిత్రములు దాచిపెట్టినవి. యూదులు ఇతరులనుండి వేరుగా తెలియునట్టి వస్త్రములు ధరింపవలెనని 1215లో లాటరన్ మహాసభ శాసించెను. అనేక ప్రదేశములలో ఆ గుర్తు పసుపుపచ్చనిదయ్యెను. 1941లో జర్మనీలో నాజీలు యూదులచేత పసుపు నక్షత్రమును ధరింపజేసిరి. ఒక గోడచిత్రమే ఈ ఘోరములకు కారణమనుట న్యాయముకాదు. అయినను ద్రోహికి జాతిముఖమును తగిలించు అలవాటు ద్వేషమునకు తోడ్పడెననుట నిజము. క్రీస్తు మరణదోషమును యూదులందరిపై మోపరాదని రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించెను.

ఈ భాగమును మనము శ్రద్ధగా చదువవలెను. మనము ఈ నగరమున సంఖ్యాబలము లేని భాషవారము. ఒక్కనియందలి దోషమును వాని వారందరికిని అంటగట్టుట యెంత సులభమో మనవంటివారు త్వరగా గ్రహింపగలరు. ఆ గ్రహింపు మన కష్టములను చెప్పుకొనుటకు మాత్రమే ఉపయోగపడినచో చాలదు. మన తరగతిలో, మన వీథిలో మనకంటె తక్కువమందియున్న వారిని మనము ఏ పీటపై కూర్చుండబెట్టుచున్నామో చూచుకొనుటకును అది ఉపయోగపడవలెను.

మన దేశమునను ఈ విందును మన రీతిలో చిత్రించినవారున్నారు. వంగదేశపు యామినీ రాయ్ జానపదశైలిలో దీనిని చిత్రించెను. తెలుగువారిలో పి. సాలమన్ రాజు (1921–2019) కొయ్యచెక్కడపు అచ్చులలోను, బాటిక్ వస్త్రములపైనను క్రైస్తవకథలను మన దేశపు రూపములతో చూపెను. క్రీస్తునకు మన ముఖమును ఇచ్చు చిత్రకారుడు యూదాకును మన ముఖమునే ఇయ్యవలెను. అట్లుగాక యూదాను మాత్రము పరదేశిగా మిగిల్చినచో, కస్తాన్యో వేసిన ఒంటరి పీట మరల వేయబడినట్లే యగును.

ద్రోహమునకు పిమ్మట

పేతురు బొంకి యేడ్చెను. తిరిగి వచ్చి సంఘమునకు పెద్దయయ్యెను. యూదాయు పశ్చాత్తాపపడెను. వెండి నాణెములను దేవాలయమున పారవైచి, పోయి ఉరివేసికొనెనని మత్తయి వ్రాసెను. 1629లో, ఇంకను యౌవనములోనున్న డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ ఈ ఘట్టమును చిత్రించెను. నాణెములు నేలపై చెదరియున్నవి. యూదా మోకాళ్లపై పడి, చేతులు పెనవేసికొని కుములుచున్నాడు. యాజకులు ముఖము త్రిప్పుకొనుచున్నారు. బేరమునకు వానిని పిలిచినవారికి వాని ఏడ్పు అక్కరలేకపోయెను.

ఫ్రాన్సుదేశమున వెజలే గ్రామపు దేవాలయములో, 12వ శతాబ్దినాటి స్తంభశీర్షమొకటి గలదు. దానికి ఒకప్రక్క ఉరికి వ్రేలాడు యూదా. మఱియొక ప్రక్క ఒకడు ఆ శవమును భుజములపై మోసికొని పోవుచున్నాడు. తప్పిపోయిన గొఱ్ఱెను మోసికొనివచ్చు మంచికాపరియగు క్రీస్తే అతడని కొందరు భావించిరి. శిల్పి ఉద్దేశము అదియేయైనచో, యూదాను ఒంటరి పీటనుండి లేపిన మొదటివారిలో ఈ పేరెరుగని శిల్పి యొకడగును.

ద్రోహము చిన్నదని చెప్పుట మా యభిప్రాయము కాదు. నమ్మినవానిని అమ్ముట మహాపాపమే. అయితే దానిని ఎల్లప్పుడు పరునియందే వెదకువాడు తన చేతిసంచిని చూచుకొనడు. స్నేహితుని రహస్యమును బయటపెట్టుటయు, ఆపదలో నున్నవానిని నేనెరుగననుటయు మన బడులలోను జరుగుచుండునవే. ఆ పంక్తిలో మొదట పుట్టిన ప్రశ్నను మనమును వేసికొందము. ఒకవేళ జవాబు మనకు ప్రతికూలమైనచో, యూదావలె ఒంటరిగా పోక, పేతురువలె తిరిగివత్తము.

విద్యార్థులు ఆలోచింపదగిన ప్రశ్నలు

1. యూదాను వేరుగా కూర్చుండబెట్టుటకును, అందరి నడుమ కూర్చుండబెట్టుటకును భేదమేమి?
2. పేతురు చేసిన పనికిని యూదా చేసిన పనికిని పోలికలెవ్వి? వారి కడపటి గతులు వేరగుటకు కారణమేమి?
3. తెలుగు సామెతలలో అన్నమునకును నమ్మకమునకును గల సంబంధమును తెలుపువాటిని సేకరింపుడు.