లైబ్రరీలు - కొత్త కూర్పులు

గ్రంథాలయమనగానే పుస్తకాల బీరువాలు, నిశ్శబ్దమైన పఠనమందిరం మనసులో మెదులుతాయి. కంప్యూటరు శాస్త్రంలో లైబ్రరీ అనే మాటకు అర్థం వేరు. అనేక ప్రోగ్రాములకు పదేపదే అవసరమయ్యే పనులను ఒకరు ఒకసారి చక్కగా రాసి, ఇతరులు వాడుకొనేందుకు ఒకచోట చేర్చిన సూచనల సముదాయమే లైబ్రరీ. అక్షరాలను తెరపై పేర్చడం, రహస్య సమాచారాన్ని సంకేతాలలోకి మార్చడం, చిత్రాల పరిమాణాన్ని కుదించడం వంటి పనులను ప్రతి ప్రోగ్రామరూ మొదటినుంచి రాసుకోనక్కరలేదు. తొలినాళ్లలో ఈ పేరు అక్షరాలా సార్థకమై ఉండేది. 1949లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పని ప్రారంభించిన ఎడ్‌శాక్ యంత్రం కోసం ఇటువంటి సూచనలను కాగితపు పట్టీలపై రంధ్రాలుగా తొలిచి భద్రపరచేవారు. కావలసినవారు పట్టీకి నకలు తీసి తమ ప్రోగ్రాముకు జతచేసుకొనేవారు.

ఈ నకలు పద్ధతిలో ఒక సౌలభ్యం ఉంది. మూలపట్టీని ఎవరు సవరించినా, అంతకుముందే నకలు తీసుకొన్న ప్రోగ్రాము చెక్కుచెదరదు. లోపం కూడా అక్కడే ఉంది. మూలంలో తప్పు దిద్దినా నకళ్లలోని తప్పు అలాగే నిలిచిపోతుంది. తాళపత్ర గ్రంథాల పరిష్కర్తలకు ఈ చిక్కు సుపరిచితమే. ఒక ప్రతిలో దిద్దిన తప్పు ఊరూరా చేరిన తక్కిన ప్రతులలో దానంతటది దిద్దుబాటు కాదు కదా!

నేటి డెస్క్‌టాప్ ఆపరేటింగ్ సిస్టములు చాలవరకు మరో మార్గాన్ని అనుసరిస్తున్నాయి. లైబ్రరీ ప్రతి ఒక్కటే డిస్కులో ఉంటుంది. పదుల కొద్దీ ప్రోగ్రాములు నడుస్తున్న సమయంలో దానినే ఆశ్రయిస్తాయి. అది ఊరుమ్మడి బావి వంటిది. బావిని శుభ్రం చేస్తే ఊరందరికీ మంచినీరు దక్కుతుంది. బావి చెడితే అందరి కడవలూ చెడుతాయి.

తెలుగువారు మరువరాని ఉదాహరణ ఒకటి 2018 ఫిబ్రవరిలో సంభవించింది. జకార ఞకారాల సంయుక్తాక్షరం తరువాత కంటికి కనిపించని ఒక విభజన సంకేతం, దాని వెంట దీర్ఘం వచ్చే ఒకానొక వరుసను చూపబోయి, యాపిల్ సంస్థవారి ఫోన్లలోను, మాక్ కంప్యూటర్లలోను అనేక ప్రోగ్రాములు అర్ధాంతరంగా ఆగిపోయాయి. తెలుగక్షరమే దోషి అన్నంతగా ప్రచారం సాగింది. నిజానికి దోషం అక్షరానిది కాదు. అక్షరాలను తెరపై పేర్చే కోర్‌టెక్స్ట్ అనే లైబ్రరీది. సందేశాలు పంపే ప్రోగ్రాములు, బ్రౌజర్లు అన్నీ ఆ ఒక్క లైబ్రరీపైనే ఆధారపడి ఉండడంతో అన్నిటికీ ఒకే గతి పట్టింది. ఫిబ్రవరి 19న ఆ సంస్థ సవరించిన కూర్పును విడుదల చేసింది. దానిని స్థాపించుకొన్న యంత్రాలలో ఆ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా కుదుటపడ్డాయి. వాటి రచయితలు విడివిడిగా ఏమీ దిద్దవలసిన అవసరం లేకపోయింది. ఉమ్మడి లైబ్రరీ వలన కలిగే మేలుకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అరుదు.

అయితే ఇదే ఉమ్మడితనం 1990ల నాటి విండోస్ వినియోగదారులను ఎంతో బాధించింది. విండోస్‌లో ఉమ్మడి లైబ్రరీలను డి.ఎల్.ఎల్. అంటారు. కొత్తగా కొన్న ప్రోగ్రాము తనకు కావలసిన డి.ఎల్.ఎల్. కూర్పును తెచ్చి, అప్పటికే ఉన్న దానిపై రాసివేసేది. పాత కూర్పును నమ్ముకొన్న మరో ప్రోగ్రాము మరునాటినుంచి పనిచేసేది కాదు. కొన్నిసార్లు కొత్త కూర్పుపైనే పాతది వచ్చి కూర్చొనేది. చెడినది ఒకచోట, లక్షణం బయటపడినది మరొకచోట కావడంతో కారణం పట్టుకోవడం దుస్సాధ్యమయ్యేది. ప్రోగ్రామర్లు ఈ దురవస్థను ‘డి.ఎల్.ఎల్. నరకం’ అని ఈసడించుకొన్నారు. విండోస్ 2000లో ముఖ్యమైన ఫైళ్లకు రక్షణ కల్పించారు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో ఒకే లైబ్రరీకి చెందిన వేర్వేరు కూర్పులు పక్కపక్కన ఉండే ఏర్పాటు చేశారు.

లైనక్స్ పద్ధతి ఇంకా సరళమైనది. అక్కడ ఉమ్మడి లైబ్రరీ పేరులోనే ఒక ప్రధాన సంఖ్య ఉంటుంది. పాత ప్రోగ్రాములకు భంగం కలిగించని సవరణ అయితే ఆ సంఖ్య మారదు. భంగం కలిగించేదైతే మార్చాలి. సంఖ్య మారితే పేరు మారినట్లే కనుక రెండు కూర్పులూ ఒకే యంత్రంలో ఇమిడి ఉంటాయి. 1998లో విడుదలైన డెబియన్ 2.0, దాదాపు ప్రతి ప్రోగ్రాముకూ పునాది అయిన సి లైబ్రరీ విషయంలో ఐదవ సంఖ్యను విడిచి ఆరవ సంఖ్యకు మారింది. ఐదవ దానిపై తయారైన ప్రోగ్రాముల కోసం దానిని కూడా పక్కన నిలుపుకొనే వీలుండేది. పునాదిని మార్చవలసి వచ్చినా ఇల్లు కూలకుండా చూసిన తీరు ఇది.

కొత్తదంతా మేలైనదనే అభిప్రాయాన్ని 2014 నాటి ‘హార్ట్‌బ్లీడ్’ ఉదంతం గట్టిగా ప్రశ్నించింది. ఇంటర్నెట్‌లో సమాచార గోప్యతకు విస్తృతంగా వాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే లైబ్రరీలో ఒక దోషం ఆ ఏడాది ఏప్రిల్ 7న లోకానికి వెల్లడైంది. సర్వరు జ్ఞాపకంలోని సంకేతపదాలు, రహస్య తాళాలు పరుల చేతికి చిక్కే ప్రమాదం ఏర్పడింది. గమనింపదగిన విషయమేమంటే, ఆ దోషం 2012లో వచ్చిన 1.0.1 కూర్పుతో ప్రవేశించింది. అంతకు పాతవైన 0.9.8, 1.0.0 శాఖలలో ఆ దోషమే లేదు! కాబట్టి కొత్తదానికి మారినవారే ఈ ఆపదకు గురయ్యారు. దోషాన్ని దిద్దిన కూర్పు 1.0.1 జి. కాని ఆనాటి డెబియన్ స్థిర విడుదల ‘వీజీ’ నిర్వాహకులు ఆ కూర్పును తెచ్చి పెట్టలేదు. తమ వద్ద ఉన్న 1.0.1 ఇ కూర్పులోనే ఆ ఒక్క తప్పును దిద్ది అందించారు. పై సంఖ్యను మాత్రమే చూసినవారికి అది ప్రమాదకరమైన పాత కూర్పుగానే తోచింది. అటువంటి యంత్రంలో సంఖ్య పెద్దది కావాలన్న తొందరతో బయటినుంచి మరో కూర్పును తెచ్చి పైన రాసేవారు, నిర్వాహకుల భావి సవరణలను చేజేతులా దూరం చేసుకొంటారు. మరో సంగతి కూడా అప్పుడు చాలామందికి బోధపడింది. సవరించిన లైబ్రరీని స్థాపించినా, అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములు పాత ప్రతినే జ్ఞాపకంలో ఉంచుకొని ఉంటాయి. వాటిని ఆపి మళ్లీ ప్రారంభించినప్పుడే ఫలితం దక్కుతుంది.

అలాగని కొత్త కూర్పు అవసరమే రాదని కాదు. ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థికి, తన లైనక్స్ యంత్రంలోని పైథాన్ లైబ్రరీ కంటె కొత్తది తరచు కావలసివస్తుంది. సర్వాధికారాలతో దానిని వ్యవస్థ లైబ్రరీల నడుమ స్థాపించడం తేలికగా తోస్తుంది. కాని డెస్క్‌టాప్‌కు చెందిన అనేక ఉపకరణాలు పైథాన్‌లో రాసినవే. వాటి కింది లైబ్రరీ మారితే అవే మొరాయించవచ్చు. వ్యవస్థ పైథాన్‌నే తొలగించబోయి డెస్క్‌టాప్‌నే పోగొట్టుకొన్నవారున్నారు. ఏవేవి తొలగిపోతాయో ప్యాకేజీ నిర్వాహకం ముందుగానే జాబితా చూపుతుంది. దానిని చదవకుండానే సమ్మతి తెలపడం వారి పొరపాటు.

ఈ కారణంగానే 2023 జూన్‌లో వెలువడిన డెబియన్ 12, పిప్ అనే సాధనంతో వ్యవస్థ పైథాన్‌లో లైబ్రరీలు స్థాపించడాన్ని నిరాకరిస్తుంది. కాదని పట్టుబట్టేవారికి ఒక మార్గాంతరం ఉంచారు. దాని పేరు ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’, అనగా వ్యవస్థలోని ప్యాకేజీలను చెడగొట్టమని! అంత నిష్కపటమైన పేరు పెట్టినా దానిని ఆలోచించకుండా టైపు చేసేవారు లేకపోలేదు.

సరియైన మార్గం 2012లో వచ్చిన పైథాన్ 3.3 నుంచీ అందుబాటులో ఉంది. వెన్వ్ అనే ఉపకరణం ఒక్కొక్క ప్రాజెక్టుకు ఒక్కొక్క ప్రత్యేక డైరెక్టరీని ఏర్పరుస్తుంది. కావలసిన కూర్పులు అందులోనే చేరతాయి. ఒక ప్రాజెక్టు పాత కూర్పును, మరొకటి కొత్తదాన్ని వాడుకోవచ్చు. వ్యవస్థ లైబ్రరీలకు ఏ బాధా లేదు. ప్రయోగం బెడిసికొడితే ఆ డైరెక్టరీని తొలగిస్తే సరిపోతుంది. అయితే ఇది కొంతవరకు కాగితపు పట్టీల నాటి నకలు పద్ధతే. వ్యవస్థ నిర్వాహకులు ఉమ్మడి లైబ్రరీలలో దిద్దిన దోషం ఈ డైరెక్టరీలో దిద్దుబాటు కాదు. ఆ బాధ్యత దానిని ఏర్పరచుకొన్నవారిదే. అందుకే ప్రాజెక్టు వాడే లైబ్రరీల పేర్లను, కూర్పు సంఖ్యలను ఒక ఫైలులో రాసి ఉంచుతారు. ఏ లైబ్రరీలో దోషం బయటపడినా ఆ ఫైలులో సంఖ్య మార్చి, డైరెక్టరీని మళ్లీ నిర్మించి, ప్రోగ్రాము మునుపటివలె నడుస్తున్నదో లేదో పరీక్షించుకొంటారు.