పసినోటిలో మట్టి చుట్టాలు

మొన్న రాత్రి మా అక్క కూతురు ఫోన్ చేసింది. ఏడుపు ఒక్కటే తక్కువ. రెండున్నరేళ్ళ కొడుకు బాల్కనీలో తులసికుండీ దగ్గర కూర్చుని మట్టి నోట్లో పెట్టుకున్నాడట. తను చూసేసరికి పెదాల చుట్టూ నల్లగా ఉందట. కడిగింది, తుడిచింది. అయినా మనసు ఒప్పక, తను వాడే మౌత్‌వాష్ గుడ్డమీద పోసి వాడి చిగుళ్ళూ నాలుకా రుద్దింది. "మంటకి గుక్కపట్టి ఏడ్చాడు పిన్నీ. ఇంకా లోపల క్రిములుంటాయేమో, ఏం చెయ్యను?" అంది.

ముందు వాణ్ణి ఒళ్ళో వేసుకుని మంచినీళ్ళు తాగించమన్నాను. కుండీలో ఎరువో పురుగుమందో వేశావా అని అడిగాను. వేసి ఉంటే మాటల్లో పొద్దుపుచ్చకుండా డాక్టరుకు చెప్పాల్సిందే. వెయ్యలేదంది. మౌత్‌వాష్ సీసా వాడికి అందనంత ఎత్తులో పెట్టమన్నాను. ఆరేళ్ళు నిండని పిల్లలకు అది వాడకూడదు. పుక్కిలించి ఉమ్మడం చేతకాక మింగేస్తారు. ఆ తర్వాత తనకు చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను. ఆ భయం తన ఒక్కదానిదే కాదు.

లోపల క్రిములుంటాయా? ఉంటాయి తల్లీ. ఆరోగ్యంగా ఉన్న ప్రతి నోట్లోనూ ఉంటాయి. పెద్దవాళ్ళ లాలాజలం ఒక్క మిల్లీలీటరులో దాదాపు 10 కోట్ల బాక్టీరియా ఉంటుంది. మనుషుల నోళ్ళలో ఇప్పటిదాకా గుర్తుపట్టిన జాతులు 700 దాకా ఉన్నాయి. బిడ్డ పుట్టిన కొద్ది గంటల్లోనే వీటి రాక మొదలవుతుంది. పాలపళ్ళు మొలిచాక, పంటిని పట్టుకుని బతికేవి వచ్చి చేరతాయి. ఇవేవీ దొంగచాటుగా దూరినవి కావు. ఆ నోరు వాటి ఊరు.

వీటిని మొదట చూసినవాడు హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారం చేసుకున్న లేవెన్‌హుక్. తాను చేసుకున్న భూతద్దంతో ముందు చెరువు నీళ్ళలో, వాన నీళ్ళలో కదిలే జీవులను చూశాడు. 1683లో తన పళ్ళ సందున ఉన్న తెల్లటి పాచి తీసి అదే అద్దం కింద పెట్టాడు. రోజూ ఉప్పుతో పళ్ళు తోముకునే మనిషి! అయినా అందులో బోలెడు ప్రాణులు ఈదుతూ కనిపించాయి. చెరువులో చూసినట్టే నోట్లోనూ చూశాడు.

ఆ పోలిక ఎంత దూరం వెళుతుందో మన కాలంలో తెలిసింది. 1996లో జర్మనీలో కుళ్ళిన నాచు పేరుకుపోయిన పీట్ బురదనేలను తవ్వి, నడిమి పొరలోని డీఎన్‌ఏను చదివారు. అందులో అంతకుముందు ఎరగని ఒక బాక్టీరియా వంశం ఆనవాలు దొరికింది. ఆ నడిమి పొరకున్న జర్మన్ పేరులోని అక్షరాలతోనే దానికి టీఎం7 అని పేరు పెట్టారు. ఆ వంశం తర్వాత తోటమట్టిలో కనిపించింది, మురుగునీటిని శుద్ధిచేసే తొట్లలో కనిపించింది, ఏ జబ్బూ లేని మనుషుల నోళ్ళలోనూ కనిపించింది. నోట్లో ఉండే రకాన్ని 2015లో అమెరికా శాస్త్రవేత్తలు మొదటిసారి పెంచగలిగారు. ఒంటరిగా అది బతకదు. మామిడికొమ్మ మీద బదనిక పెరిగినట్టు, ఇంకో బాక్టీరియాను అంటిపెట్టుకుని బతుకుతుంది. చిగుళ్ళు చెడినవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తోందని మొదట్లో దాన్నే అనుమానించారు. తర్వాత చిట్టెలుకల మీద చేసిన పరీక్షలో అది చిగుళ్ళ వాపును తగ్గించింది. నేరం జరిగినచోట కనిపించినంత మాత్రాన దొంగ అనుకోకూడదు కదా.

ఇంకొకటి నాకు మరీ ఇష్టం. మిథైలోబాక్టీరియం అని, గులాబిరంగులో ఉంటుంది. చెట్ల ఆకులు వదిలే మిథనాల్ తిని ఆకుల మీదే కాపురముంటుంది. బెట్ట తట్టుకోవడానికి పైరు మీద పీపీఎఫ్‌ఎం పేరుతో ఈ బాక్టీరియానే పిచికారీ చేసే రైతులకు ఇది తెలిసినదే. ఈ వర్గంవాటిని 2005లో లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు ఆరోగ్యవంతుల నోళ్ళ నుంచి వేరుచేశారు. నోటి వాసనకు కారణమయ్యే గంధకపు పదార్థాల వంటివి వీటిలో కొన్నింటికి ఆహారం. అంటే పొద్దున లేవగానే వచ్చే వాసనను తయారుచేసేవీ మన నాలుక మీదే ఉన్నాయి, దాన్ని తినిపెట్టగలిగేవీ అక్కడే ఉన్నాయి.

మట్టిలోవీ నోట్లోవీ అచ్చంగా ఒక్కటే అనడంలేదు. చాలావరకు చుట్టరికం మాత్రమే. నోట్లోవి మనతో ఏనాటినుంచో ఉండి మారినవి. నీళ్ళతో, ఆకుకూరతో, మట్టిచేతితో వచ్చేవాటిలో చాలా భాగం రెండురోజుల చుట్టాల్లా వచ్చి వెళ్ళిపోతాయి. అందుకే, నోరు ఖాళీ చెయ్యాలన్న తాపత్రయం వదిలెయ్యండి. అది అయ్యే పని కాదు. చూసుకోవాల్సింది వేరే ఉంది: అక్కడున్నవాటిలో ఎవరికి మేత వేస్తున్నాం?

తీపి దొరికితే ఆమ్లం చేసేవి కొన్ని ఉన్నాయి. పుచ్చుపళ్ళకు ముఖ్యమైన స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్ వాటిలో ఒకటి. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటిపాచి పుల్లబడుతుందనీ, లాలాజలం దాన్ని సర్దడానికి అరగంటో అంతకన్నా ఎక్కువో పడుతుందనీ 1940లలోనే రాబర్ట్ స్టీఫన్ కొలిచి చూపాడు. కాబట్టి ఎంత తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ముఖ్యం. అన్నం తర్వాత ఒక లడ్డూ తిని ఊరుకున్న పిల్లకంటే, సాయంత్రమంతా ఒక్కో బిస్కెట్టూ కొరుకుతూ తిరిగే పిల్ల పళ్ళకే ముప్పు ఎక్కువ. అన్నిటికన్నా చెడ్డది పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చడం. నిద్రలో లాలాజలం ఊరడం తగ్గుతుంది, పాలు పళ్ళ మీదే నిలుస్తాయి. పై ముందుపళ్ళు గోధుమరంగుకు తిరిగి మొండిగా మిగిలిన పసివాళ్ళను చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఈ అలవాటు ఒక్కరోజులో మానదు. ఆ సీసాలో ఒక్కో చెంచా పాలు తగ్గిస్తూ నీళ్ళు కలపండి, వారం పదిరోజుల్లో నీళ్ళసీసా చెయ్యండి. నాలుగు రాత్రులు ఏడుస్తారు. ఓర్చుకోండి.

ఎంగిలి మాట కూడా చెప్పాలి. చిన్నప్పుడు జామకాయను చొక్కా అంచుతో కప్పి కొరికి, కాకెంగిలి అని పంచుకునేవాళ్ళం. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉండే బాక్టీరియాకు ఆ గుడ్డలోని కంతలు కోటగుమ్మాలంత. అయినా మనకేం కాలేదు. తల్లి నోటి బాక్టీరియా బిడ్డకు చేరుతుంది, నిజమే. పుచ్చుపళ్ళవీ చేరతాయి, మంచివీ చేరతాయి. 2013లో స్వీడన్‌లో 184 మంది పసివాళ్ళ మీద జరిపిన అధ్యయనంలో, కిందపడిన పాలపీకను తమ నోట్లో పెట్టుకుని శుభ్రంచేసి ఇచ్చిన తల్లిదండ్రుల పిల్లల్లో ఎగ్జిమా, ఆస్తమా లక్షణాలు తక్కువ కనిపించాయి. అందుకని పీక నాకి ఇవ్వమని చెప్పను. గోరుముద్ద పెడుతూ వేడి చూడటానికి నాలుకకు తగిలించుకున్న తల్లి నేరం చేసినట్టు కుమిలిపోవద్దని మాత్రం చెబుతాను. చెంచాలు వేరు పెట్టడంకన్నా, మీ పుచ్చుపళ్ళు ముందు మీరు బాగుచేయించుకోండి. బిడ్డకు మీరిచ్చే ఎంగిలి అప్పుడు బాగుంటుంది.

పళ్ళు రాకముందు మెత్తటి తడిగుడ్డతో చిగుళ్ళు తుడిస్తే చాలు. మొదటి పన్ను కనిపించినప్పటినుంచి రోజుకు రెండుసార్లు చిన్న బ్రష్. మూడేళ్ళలోపు బియ్యపుగింజంత, ఆ తర్వాత బఠాణీగింజంత ఫ్లోరైడ్ పేస్టు. నల్లగొండ, కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళవాళ్ళు మాత్రం పేస్టు సంగతి పళ్ళ డాక్టరును అడిగి వాడండి. ఏడెనిమిదేళ్ళదాకా బ్రష్ వెనక మీ చెయ్యి ఉండాలి. ప్రతి జలుబుకూ మందులషాపులో యాంటీబయాటిక్ అడిగి తేవద్దు. అది నోట్లో కాపలా ఉన్నవాటినీ తుడిచేస్తుంది, ఆ ఖాళీలో నాలుక మీద తెల్లపూత పూయవచ్చు.

ఇక మట్టి. ఆడుకోనివ్వండి, తిననివ్వకండి. ఆరుబయట మలవిసర్జన జరిగే నేలలో, కుక్కలూ పిల్లులూ తిరిగే ఇసుకలో పురుగుల గుడ్లుంటాయి. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగడం, నులిపురుగుల దినం నాడు బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే మాత్ర వేయించడం మానకండి. రెండేళ్ళు దాటాక కూడా మట్టి, బలపాలు, గోడసున్నం వెతుక్కుని తినే పిల్లను కొట్టవద్దు, తిట్టవద్దు. తరచూ అది రక్తం తక్కువైందని ఒళ్ళు చెబుతున్న మాట, రక్తపరీక్ష చేయించండి. క్యాన్సర్ వంటి జబ్బులకు మందులు వాడుతూ నిరోధకశక్తి తగ్గిన పిల్లల విషయంలో నేను పైన చెప్పిన ధైర్యం పనికిరాదు. వాళ్ళకు మట్టి, కుళాయినీళ్ళ బాక్టీరియా కూడా ప్రమాదం కావచ్చు. వాళ్ళ డాక్టరు చెప్పిన జాగ్రత్తలే పాటించాలి.

"కుండీ తీసెయ్యనా పిన్నీ?" అంది చివర్లో. వద్దన్నాను. పక్కన కూర్చోబెట్టుకుని వాడిచేత నీళ్ళు పోయించమన్నాను. మర్నాడు ఫొటో పంపింది. వాడు బ్రష్ పట్టుకుని నవ్వుతున్నాడు, దాని మీద బియ్యపుగింజంత పేస్టు. గోళ్ళలో మాత్రం ఇంకా మట్టి. "గోళ్ళు తియ్యి" అని జవాబు పెట్టాను.