వెలుగు చుక్కల మయసభ

పాఠ్యభాగ ఉద్దేశం

కళకు సాధనసంపద ప్రధానమా, సాధనాన్ని ఎరిగిన బుద్ధి ప్రధానమా అన్న ప్రశ్న చాలా పాతది. తొలితరం వీడియో గేమ్‌లలోని కొన్ని దృశ్య చమత్కారాలను ఆధారంగా చేసుకొని, పరిమిత సాధనాలతో అపరిమితమైన అనుభూతిని కలిగించిన విధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతం సభాపర్వంలో మయసభ ఘట్టం సుప్రసిద్ధం. మయుడు పాండవుల కోసం నిర్మించిన ఆ సభలోకి అడుగుపెట్టిన దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూసి నీరనుకొని వస్త్రం పైకెత్తుకున్నాడు. నీటిని చూసి నేల అనుకొని మడుగులో పడ్డాడు. అతని కన్నులలో లోపమేమీ లేదు. దేనిని చూస్తే కన్ను నీరని నమ్ముతుందో, దేనిని చూస్తే నేల అని నమ్ముతుందో మయునికి తెలుసు. అదే అతని శిల్పరహస్యం. ఉన్నదానిని లేనట్లుగా, లేనిదానిని ఉన్నట్లుగా చూపే ఈ విద్య మన పురాణాలలోనే నిలిచిపోలేదు. గత శతాబ్దపు చివరి పాదంలో అది ఒక చిన్న గాజు తెర మీద మళ్ళీ అవతరించింది. ఆ తెర వీడియో గేమ్‌ది.

హైదరాబాదు నుంచి ముంబయి వైపు సాగే జాతీయ రహదారి మీద రామచంద్రాపురం, పటాన్‌చెరు, సంగారెడ్డి వరుసగా వస్తాయి. భెల్ కర్మాగారం, 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, వాటి చుట్టూ విస్తరించిన పారిశ్రామిక వాడలు ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన రూపాన్నిచ్చాయి. షిఫ్టు ముగిసిన వేళ బస్సులలో, షేర్ ఆటోలలో ఇళ్ళకు మరలే యువకుల చేతుల్లో సెల్‌ఫోన్ తెరలు వెలుగుతుంటాయి. ఆ తెరల మీది ఆటలలో గడ్డిపోచ సైతం గాలికి కదులుతుంది. నీటిలో ఆకాశం ప్రతిఫలిస్తుంది. ఇటువంటి ఆటలకు అలవాటుపడిన విద్యార్థికి, తన తల్లిదండ్రులు చిన్ననాట ఆడిన ఆటలు మొరటుగా తోచడం సహజం. కానీ ఆ మొరటు బొమ్మల వెనుక పనిచేసిన బుద్ధి ఎంత సునిశితమైనదో తెలిస్తే ఆ చిన్నచూపు నిలవదు.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. 1967లో ఇదే నగరంలో స్థాపితమైన ఈ.సీ.ఐ.ఎల్. సంస్థ తయారు చేసిన ఈ.సీ. టీవీలు అనేక తెలుగు ఇళ్ళకు చేరాయి. 1982లో దేశంలో రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. జపానులో నింటెండో సంస్థ 1983లో విడుదల చేసిన ఫామికామ్ అనే ఆటయంత్రానికి అనుకరణగా తయారైన చౌక యంత్రాలు 1990వ దశకంలో మన పట్టణాలలోకి వచ్చాయి. యంత్రంలో గుచ్చే ఆట పెట్టెను అందరూ 'క్యాసెట్టు' అనేవారు. యంత్రం కొనలేని పిల్లలు వీడియో గేమ్ దుకాణాలలో గంటల లెక్కన డబ్బు చెల్లించి ఆడుకొనేవారు.

ఆనాటి టీవీ తెర ఒక బరువైన గాజు గొట్టం. దాని వెనుక భాగం నుంచి వెలువడిన ఎలక్ట్రాన్ పుంజం, తెర లోపలి పూతను తాకి, గీత వెంట గీతగా వెలుగును గీసేది. మన దేశపు ప్రసారాలలో ఒక చిత్రానికి 625 గీతలు, సెకనుకు 25 చిత్రాలు. ఆటయంత్రం శక్తి మాత్రం అత్యల్పం. ఫామికామ్ చిత్రం అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కలు మాత్రమే. ఒకేసారి తెర మీద కనిపించగల రంగులు 25. కదిలే చిన్న బొమ్మలు ఒక గీత మీద ఎనిమిదికి మించి నిలవవు. ఛందస్సు కవికి గణాలను, యతిప్రాసలను విధించినట్లే, యంత్రం ఆ చిత్రకారులకు ఈ నియమాలను విధించింది.

నియమమే చమత్కారంగా మారిన తొలి ఉదాహరణలలో 1978లో జపానులో వెలువడిన 'స్పేస్ ఇన్వేడర్స్' ముఖ్యమైనది. దాని రూపకర్త తొమొహిరొ నిషికాదొ. ఐదు వరుసలలో, వరుసకు పదకొండు చొప్పున 55 మంది గ్రహాంతరవాసులు తెర పైభాగం నుంచి కిందికి దిగుతుంటారు. అందరినీ ఒక్కసారిగా కదిలించే శక్తి యంత్రానికి లేదు. కనుక ఒకరి తరువాత ఒకరిని కదిలిస్తూ పోతుంది. ఆటగాడు శత్రువులను కూల్చేకొద్దీ యంత్రం మీది భారం తగ్గి, మిగిలినవారి వేగం పెరుగుతుంది. చివరి ఒక్కడు మెరుపులా పరుగెత్తుతాడు. ఇది ఎవరూ ముందుగా సంకల్పించినది కాదు. నిషికాదొ ఆ వేగాన్ని గమనించి, ఆటకు ఉత్కంఠ కలుగుతున్నదని గ్రహించి అలాగే ఉంచాడు. ఆ ఆట తెర నలుపు తెలుపులది. దాని మీద పారదర్శకమైన రంగు పట్టీలు అతికించడంతో, వాటి కిందికి వచ్చిన బొమ్మలు రంగులు మారినట్లు కనిపించేవి.

1981 నాటి 'డాంకీ కాంగ్' ఆటలో షిగెరు మియమొతొ ఒక వడ్రంగిని సృష్టించాడు. పిడికెడు చుక్కలలో నోరు గీయడం సాధ్యం కాదు కనుక మీసం పెట్టాడు. జుట్టు కదలికను చూపడం కష్టం కనుక టోపీ పెట్టాడు. చేతుల ఊపు స్పష్టంగా కనిపించడానికి భుజపట్టీల దుస్తులు తొడిగాడు. ఆ వడ్రంగే తరువాత లోకప్రసిద్ధుడైన మారియో. 1985లో వచ్చిన 'సూపర్ మారియో బ్రదర్స్' ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. నేటి సెల్‌ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటోకు దానికంటే ఎన్నో రెట్లు చోటు కావాలి. చోటు పొదుపు చేయడం కోసం అందులో ఆకాశంలోని మేఘానికి, నేల మీది పొదకు ఒకే బొమ్మను వాడారు. తెలుపు పూస్తే మేఘం, పచ్చదనం పూస్తే పొద. ఆడినవారిలో ఎక్కువమంది ఏళ్ళ తరబడి ఆ సంగతి గుర్తించనేలేదు. శ్లేషలో ఒకే పదం రెండు అర్థాలకు పనికివచ్చినట్లు ఇక్కడ ఒకే రూపం రెండు వస్తువులకు పనికివచ్చింది.

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి బస్సులో వెళ్ళేవారికి ఒక అనుభవం సుపరిచితం. రహదారి పక్కన ఉన్న కరెంటు స్తంభాలు వేగంగా వెనక్కి పోతాయి. కాస్త ఎడంగా ఉన్న కర్మాగారాల పొగగొట్టాలు మెల్లగా జరుగుతాయి. దూరాన ఉన్న గుట్టలు కదలనట్లే ఉంటాయి. దగ్గర, దూరం అనే భేదాన్ని కన్ను ఈ వేగాల తేడా వల్లనే పసిగడుతుంది. 1982లో వచ్చిన 'మూన్ పెట్రోల్' ఆట ఈ సూత్రాన్ని వాడుకొన్న తొలి ఆటలలో ఒకటి. దాని రూపకర్తలు నేలను, కొండలను వేర్వేరు పొరలుగా చిత్రించి, ఒక్కొక్క పొరను ఒక్కొక్క వేగంతో జరిపారు. చదునైన తెరకు లోతు వచ్చింది. ఈ మర్మం మన తోలుబొమ్మలాటవారికి కొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్ర నాటికే ఈ బొమ్మలాటలు తెలుగునాట ప్రచారంలో ఉన్నాయి. బొమ్మను తెల్లని తెరకు ఆనిస్తే రూపం స్పష్టంగా ఉంటుంది. దీపం వైపు జరిపితే నీడ పెద్దదై, అంచులు మసకబారి, పాత్ర మీదికి వస్తున్నట్లు తోస్తుంది. దీపం ఒకటి, తెర ఒకటి. మిగిలినదంతా ఆడించేవాని నేర్పే.

1990లో జపానులో వెలువడిన 'ఎఫ్-జీరో' అనే పందెపు ఆట మయసభకు మరింత దగ్గరిది. అందులోని బాట నిజానికి ఒక చదునైన పటం మాత్రమే. తెరను గీత వెంట గీతగా గీసేటప్పుడు, పై గీతలలో ఆ పటాన్ని చిన్నదిగానూ కింది గీతలలో పెద్దదిగానూ చూపడంతో, అది చూపు మేరకు పరచుకొన్న నేలగా మారిపోతుంది. తెర మీద దూరం లేదు. చూసేవాని మనస్సులో ఉన్నది. ఒక వస్తువును మరొక వస్తువుగా పొరబడడాన్ని ఆలంకారికులు భ్రాంతిమదలంకారమన్నారు. ఆ అలంకారం ఇక్కడ అక్షరాలకు బదులు వెలుగుతో రచితమైంది.

వీటన్నింటిలోనూ మనస్సును తాకేది 1989 నాటి 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'. అమెరికాకు చెందిన జోర్డన్ మెక్నర్ అనే యువకుడు దీనిని దాదాపు ఒంటరిగా రూపొందించాడు. తన తమ్ముడు పరుగెత్తుతూ, దూకుతూ ఉండగా 1985లో వీడియో తీసి, ఆ భంగిమలను ఒక్కొక్కటిగా చూసి బొమ్మలుగా మలిచాడు. కత్తియుద్ధానికి 1938 నాటి రాబిన్ హుడ్ చలనచిత్రంలోని దృశ్యాన్ని ఆధారం చేసుకొన్నాడు. అందువల్లనే ఆ రాకుమారుని కదలికలో మనిషి శరీరపు బరువు కనిపిస్తుంది. అయితే ఆ బొమ్మలు కంప్యూటరు జ్ఞాపకశక్తిని దాదాపు మింగివేశాయి. కథకు మరొక ప్రతినాయకుడు కావాలి. కొత్త బొమ్మకు చోటు లేదు. అప్పుడు మెక్నర్ రాకుమారుని బొమ్మ మీదనే అదే బొమ్మను ఒక చుక్క పక్కకు జరిపి కలిపాడు. రెండూ ఏకీభవించిన చోట చీకటి, విభేదించిన చోట వెలుగు మిగిలాయి. మిణుకుమనే అంచులతో ఒక నీడమనిషి పుట్టాడు.

ఆటలో రాకుమారుడు ఒక అద్దంలోకి దూకినప్పుడు ఈ నీడ అతని నుంచి విడివడి పారిపోతుంది. తరువాత అతనికి అడ్డంకులు కల్పిస్తుంది. చివరకు ఇద్దరూ కత్తులతో ఎదురుపడతారు. నీడను పొడిస్తే గాయం రాకుమారునికే తగులుతుంది. కత్తిని ఒరలో పెట్టి ముందుకు నడిచినప్పుడే నీడ అతనిలో లీనమవుతుంది. సంజ్ఞాదేవి తన స్థానంలో ఛాయను నిలిపి వెళ్ళిన కథ తెలిసిన తెలుగు పాఠకునికి, నీడ ఒక పాత్ర కావడం వింతగా తోచదు. ఇక్కడ వింత ఏమిటంటే, చోటు చాలకపోవడం వల్ల పుట్టిన బొమ్మ ఆ కథకే అంతరార్థంగా నిలిచింది. మనిషికి అసలు శత్రువు తానేనన్న భావాన్ని ఒక్క మాట పలకకుండా చెప్పింది. ధ్వని కావ్యానికి ఆత్మ అన్న ఆనందవర్ధనుని సిద్ధాంతానికి ఇంతకంటే సరళమైన దృష్టాంతం దొరకడం కష్టం.

ఇంతటి కళకు ఆధారమైన గాజు తెర ఇప్పుడు ఇళ్ళలో దాదాపు కనుమరుగైంది. దానితోపాటు కొన్ని చమత్కారాలూ పోయాయి. 1991 నాటి 'సోనిక్' ఆటలోని జలపాతం నిజానికి ఒకటి విడిచి ఒకటిగా గీసిన నిలువు గీతలు. పాత టీవీ, దానికి కలిపిన తీగ ఆ గీతలను కొద్దిగా అలికివేయడం వల్ల అవి పారదర్శకమైన నీటిగా కనిపించేవి. నేటి పలుచని తెర ప్రతి చుక్కనూ నిక్కచ్చిగా చూపుతుంది. నీరు మాయమై గీతలు మిగులుతాయి. 1984 నాటి 'డక్ హంట్' ఆటలో తుపాకీ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లని గడి మెరుస్తుంది. ఆ వెలుగును తుపాకీలోని సాధనం పసిగడుతుంది. కొత్త తెరలు చిత్రాన్ని చూపడంలో లవలేశం ఆలస్యం చేయడంతో ఆ తుపాకీ వాటి ముందు పనిచేయదు. తాళపత్రం శిథిలమైతే కావ్యం పోయినట్లే, తెర మారితే దృశ్యం పోతుంది. ఆటను భద్రపరచడమంటే క్యాసెట్టును దాచడం మాత్రమే కాదు, అది కనిపించిన తీరును కూడా దాచడం.

అయితే కొరత దానంతట అదే కళను పుట్టిస్తుందని భావించరాదు. తెర మీద బొమ్మలు ఎక్కువైనప్పుడు అవి మినుకుమినుకుమనడం ఆ రోజుల్లో ఆటగాళ్ళను విసిగించిన లోపమే. అదే కొరతను ఎదుర్కొన్న ఎన్నో ఆటలు ఎవరికీ గుర్తులేవు. యంత్రం ఎంతవరకు చేయగలదో, మనిషి కన్ను ఎక్కడ నుంచి ఊహించడం మొదలుపెడుతుందో తెలుసుకొన్నవారే ఆ లోటును అలంకారంగా మార్చగలిగారు. లేమి వారికి వరం కాలేదు. దానిని వారు క్షుణ్ణంగా చదివారు.

ఈ మాట పారిశ్రామిక వాడలోని విద్యార్థికి దూరమైనది కాదు. తన లేతు యంత్రం ఎంత సన్నని కోత వరకు నమ్మదగినదో ఎరిగి పనిచేసే కార్మికుడు ఈ విషయాన్ని పుస్తకం చదవకుండానే గ్రహిస్తాడు. 2008లో ఏర్పడి సంగారెడ్డి సమీపంలోని కందిలో నెలకొన్న ఐ.ఐ.టి. హైదరాబాదులో నేడు డిజైన్ ఒక ప్రత్యేక విభాగం. ఆ ద్వారం దాకా వెళ్ళాలనుకొనే విద్యార్థి, ఖరీదైన సాధనాలు లేవని ముందే వెనుకంజ వేయవలసిన పనిలేదు. గళ్ళ కాగితం మీద పదహారు గడులలో ఒక ముఖం గీసి, ఏ గడిని చెరిపినా ఆ ముఖం ఇంకా నవ్వుతున్నదా అని పరీక్షించుకోవచ్చు. మయుని విద్యకు అది తొలిపాఠం.

కఠిన పదాలు – అర్థాలు

సునిశితం : మిక్కిలి పదునైన
పుంజం : సమూహం, ధార
సంకల్పించు : తలపెట్టు
పారదర్శకం : ఆవలి వస్తువు కనిపించేటట్లున్నది
దృష్టాంతం : ఉదాహరణ
లవలేశం : మిక్కిలి కొంచెం
శిథిలం : జీర్ణమైనది

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. తొలితరం వీడియో గేమ్‌ల రూపకర్తలు యంత్రపు పరిమితులను చమత్కారాలుగా మలచిన తీరును వివరించండి.
2. 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'లోని నీడమనిషి పాత్ర ప్రత్యేకతను విశ్లేషించండి.

II. సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. తోలుబొమ్మలాటకు, పొరలుగా కదిలే దృశ్యాలకు గల పోలిక ఏమిటి?
2. గాజు తెరలు కనుమరుగు కావడం వల్ల కలిగిన నష్టమేమిటి?
3. 'కొరత దానంతట అదే కళను పుట్టించదు' – సమర్థించండి.

III. ఒక్క వాక్యంలో సమాధానాలు రాయండి.
1. స్పేస్ ఇన్వేడర్స్ రూపకర్త ఎవరు?
2. మారియోకు మీసం ఎందుకు పెట్టారు?
3. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?

IV. సంధులు : విద్యార్థి = విద్యా + అర్థి (సవర్ణదీర్ఘ సంధి); అత్యల్పం = అతి + అల్పం (యణాదేశ సంధి)

V. సమాసాలు : మయసభ – మయుని యొక్క సభ (షష్ఠీ తత్పురుష), యతిప్రాసలు – యతియును, ప్రాసయును (ద్వంద్వ సమాసం)