కలిసి తొక్కుదాం – సామూహిక సైకిల్ యాత్రల పాఠం



సైకిల్ అంటే మనకు బడికి పోయే బండి, ఊరికి పోయే బండి. పది మంది కలిసి ఒక రోజు పొద్దున్నే బయలుదేరి, ఒక చోటు చూసి, నేర్చుకుని, సాయంత్రానికి క్షేమంగా తిరిగి వస్తే అదే సైకిల్ ఒక తరగతి గది అవుతుంది. అటువంటి యాత్ర ఎలా చేయాలి, ఎందుకు చేయాలి అన్నదే ఈ వ్యాసం.

కొంచెం చరిత్ర

1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండి చేశాడు. దానికి పెడల్ లేదు, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. ఇప్పుడు మనం తొక్కే రూపానికి దగ్గరి సైకిల్‌ను 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాక ప్రయాణం సుఖమైంది. మన దేశంలో హీరో సైకిల్స్ 1956లో లుధియానాలో మొదలై సైకిల్‌ను సామాన్యుడికి దగ్గర చేసింది.

సైకిల్‌తో పాటే సంఘాలూ పుట్టాయి. 1878లో ఇంగ్లండులో సైక్లిస్టుల యాత్రా సంఘం ఏర్పడింది. వారు తిరగడంతో ఆగలేదు. ప్రమాదకరమైన దిగుడు రోడ్ల దగ్గర హెచ్చరిక బోర్డులు పెట్టించారు. 1894లో బర్మింగ్‌హామ్‌లో క్లారియన్ సైక్లింగ్ క్లబ్ పుట్టింది. దాని సభ్యులు సెలవు రోజుల్లో ఊళ్లు తిరుగుతూ సమానత్వ భావాలు ప్రచారం చేశారు. 1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్నారు. నీళ్లకూ, పనికీ, చదువుకూ ఎవరి మీదా ఆధారపడకుండా పోగలిగారు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిల్ పథకం మొదలైంది. కాబట్టి చెల్లెళ్లారా, ఈ పాఠం ముందుగా మీదే.

సైకిలూ – మన హక్కూ

మన తాతల కాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడవాల్సి వచ్చేది. సైకిల్ ఉన్నా ఎక్కి పోకూడదు, దిగి నడిపించుకుంటూ పోవాలి. దళితుడు సైకిల్ ఎక్కితే అది తప్పయిన రోజులవి. అందుకే రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులతో పాటు రోడ్ల పేరు కూడా రాశారు. కులం పేరిట ఎవరినీ రోడ్డు వాడుకోకుండా ఆపరాదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ చేసినప్పుడు, బహిరంగ స్థలాల్లో సైకిల్ తొక్కకుండా అడ్డుకోవడాన్ని కూడా నేరంగా చేర్చారు. ఆ సవరణ 2016 జనవరి 26 నుంచి అమలులోకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్లకు కూడా చట్టంలో సైకిల్ అనే మాట రాయాల్సి వచ్చిందంటే అవసరం ఎంత ఉందో ఆలోచించండి. మన పిల్లలు ఇరవై మంది వరుసగా ఊరి నడి వీధి గుండా సైకిళ్ల మీద పోవడం ఆటవిడుపు మాత్రమే కాదు, తాతలకు దక్కనిది మనం అనుభవించడం.

వేగం కాదు, కలిసి చేరడం

కొత్తగా యాత్రకు వచ్చినవారు చేసే మొదటి పని పందెం పెట్టుకోవడం. అది వద్దు. ప్రపంచమంతటా, మన హైదరాబాద్‌లో కూడా, దూర ప్రయాణపు సైక్లిస్టులు 200 కిలోమీటర్ల యాత్రలు చేస్తుంటారు. దానికి ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. లెక్క వేయండి, ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు కూడా కాదు. పైగా అందులో మొదటి స్థానం, రెండో స్థానం ఉండవు. గడువులో చేరినవారంతా గెలిచినవారే.

మన గుంపుకూ అదే సూత్రం. అందరికన్నా నిదానంగా తొక్కేవారి వేగమే గుంపు వేగం. గంటకు 12 కిలోమీటర్లు చాలు. దారి తెలిసిన ఒకరు ముందుండాలి, బాధ్యత తెలిసిన ఒకరు అందరికన్నా వెనుక ఉండాలి. ముందున్నవారిని ఎవరూ దాటకూడదు, వెనుకున్నవారి కన్నా ఎవరూ వెనుకబడకూడదు. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి.

మనిషికీ మనిషికీ మధ్య ఎంత దూరం ఉండాలి? గంటకు 15 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 4 మీటర్లు. ముందువాడు బ్రేకు వేసింది చూసి మనం బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆలోపే 4 మీటర్లు పోతాం. అందుకే కనీసం రెండు సైకిళ్ల పొడవు ఖాళీ వదలాలి. ఒకరి వెనుక ఒకరుగా ఎడమ అంచునే పోవాలి. మాటలు ఆగినప్పుడు చెప్పుకోవచ్చు. మలుపు తిరిగే ముందు చేయి చూపాలి. గుంత కనిపిస్తే "గుంత" అని ముందువారు అరవాలి, ఆ మాట చివరిదాకా అందాలి.

ఎక్కడికి పోవాలి?

మొదటి మెట్టు: పోను రాను 10 కిలోమీటర్ల లోపు. నల్లగొండవారికి పానగల్లు ఉంది. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా కనిపిస్తుంది. సూర్యుడు కదులుతుంటే నీడ ఎందుకు కదలదు? నేరుగా పడే ఎండ వల్ల వచ్చే నీడ కదలక తప్పదు. కాబట్టి ఇది గుడిలోకి పలు దిక్కుల నుంచి పరావర్తనం చెంది వచ్చే వెలుతురు పని. భౌతికశాస్త్రం పుస్తకంలోని పాఠం రాతి గోడ మీద కనిపిస్తుంది. మహబూబ్‌నగర్‌వారికి పిల్లలమర్రి ఉంది. మూడు ఎకరాలకు పైగా విస్తరించిన ఈ మహావృక్షానికి చెదలు పట్టినప్పుడు 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఊడలు నేలకు దిగి కొత్త కాండాలు ఎలా అవుతాయో జీవశాస్త్రం చదివేవారు చూసి రాసుకోవాలి.

రెండో మెట్టు: పోను రాను 40 కిలోమీటర్ల లోపు. భువనగిరి పరిసరాల హాస్టళ్లవారు భువనగిరి కోటను ఎంచుకోవచ్చు. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన ఈ ఏకశిల మీదనే మలావత్ పూర్ణ రాతి ఎక్కుడు నేర్చుకుంది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని అయిన పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే, ఎవరెస్టు శిఖరం చేరింది. మన గురుకులాలకే చెందిన ఆనంద్ కుమార్ కూడా ఆమెతో శిఖరం ఎక్కాడు. పోచంపల్లికి దగ్గరివారు 1951 ఏప్రిల్ 18న వినోబా భావే భూదానోద్యమం మొదలైన చోటును, చేనేత మగ్గాలను చూడవచ్చు.

మూడో మెట్టు: పూర్తి రోజు. భువనగిరి నుంచి ఆలేరు మీదుగా ప్రాచీన జైన క్షేత్రం కొలనుపాక సుమారు 30 కిలోమీటర్లు. గంటకు 12 చొప్పున రెండున్నర గంటలు, విశ్రాంతికి అరగంట. ఉదయం 6కు బయలుదేరితే 9కి చేరతాం. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం 2 గంటలకు మొదలుపెడితే 5కు ఇల్లు చేరతాం. చలికాలంలో ఆరు కాకముందే చీకటి పడుతుంది, కాబట్టి రెండు దాటి బయలుదేరకూడదు. మన మెట్ట ప్రాంతంలో యాత్రలకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకే మంచి కాలం. ఎండాకాలంలో వద్దు.

నీళ్లు, ముళ్లు, సామాను

నల్లగొండ జిల్లా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఉన్నట్టు ఏనాడో గుర్తించారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించితే అది ఎముకలకూ పళ్లకూ చేటు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. ఆ పేరు మనకు గర్వమూ, బాధా రెండూ. కాబట్టి దారిలో తెలియని బోరింగు నీళ్లు తాగకండి. ఒక్కొక్కరు రెండు లీటర్ల మంచినీళ్లు హాస్టల్ నుంచే తీసుకుపోవాలి.

మన రోడ్ల పక్కన సర్కారు తుమ్మ ముళ్లు టైరుకు శత్రువులు. గుంపుకు ఒక గాలి పంపు, పానాలు, ట్యూబు ముక్కలు, సొల్యూషన్, ఉప్పు కాగితం, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి. పంక్చర్ వేయడం కనీసం ముగ్గురు నేర్చుకోవాలి. ఒకరి సైకిల్ ఆగితే అందరూ ఆగాలి. ముందు రోజు రాత్రే బ్రేకులు, చైను, గాలి చూసుకోవాలి. వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్ తప్పనిసరి. వార్డెన్ గారి అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం లేనిదే కదలరాదు. ఒక పెద్దవారు వెంట ఉండాలి.

సైకిల్ లేనివారి సంగతి?

అసలు ప్రశ్న ఇదే. హాస్టల్‌లో అందరికీ సైకిల్ ఉండదు. ఉన్నవారే పోతే, అది క్లబ్ కాదు, మనలో మనకు ఇంకో గీత. ఇరవై మందికి పది సైకిళ్లుంటే రెండు ఆదివారాలు వంతులు వేసుకోవాలి. డబుల్స్ ఎక్కించరాదు. సైకిల్ ఇచ్చినవారిది ఎంత గౌరవమో, తుడిచి నూనె వేసి తిరిగి అప్పగించినవారిదీ అంతే గౌరవం. ఈ సంచిక చదివే పూర్వ విద్యార్థి అన్నలు, అక్కలు ఇంట్లో మూల పడి ఉన్న ఒక్కొక్క సైకిల్ బాగు చేయించి పంపితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

అభ్యాసం

1. మీ సైకిల్ ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనుక దానికి 18 పళ్లు ఉంటే, పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుంది? (జవాబు: సుమారు 2.44)
2. చక్రం చుట్టుకొలత 2.23 మీటర్లయితే కిలోమీటరుకు ఎన్ని పెడల్ చుట్లు? (జవాబు: సుమారు 183) మీ సైకిల్ పళ్లు లెక్కపెట్టి మళ్లీ చేయండి.
3. మీ హాస్టల్ నుంచి 5 కిలోమీటర్లలో చూడదగిన చోటు ఏది? దాని గురించి పది వాక్యాలు రాయండి.

మూడో ప్రశ్నకు జవాబు రాసినవారు ఆ కాగితం వార్డెన్ గారికి ఇవ్వండి. మీ హాస్టల్ మొదటి యాత్ర అక్కడికే కావచ్చు.