ముహూర్తానికి గోడ ఆరదు

ఆషాఢం వెళ్లీ వెళ్లగానే గృహప్రవేశాల హడావుడి మొదలవుతుంది. శ్రావణంలో ముహూర్తం కుదిరిందంటే మేస్త్రీకి ఫోన్ల మీద ఫోన్లు: "ఆ రోజుకి రంగులతో సహా అయిపోవాలి." అయిపోతాయి కూడా. డబ్బు పెడితే మనుషులు రాత్రీ పగలూ పనిచేస్తారు. గోడ మాత్రం ఎవరి మాటా వినదు. పైగా శ్రావణమంటే నడి వానాకాలం. గాలే తడిగా ఉంటే గోడలో చెమ్మ ఎక్కడికి పోతుంది?

ఒక లెక్క చూడండి. 50 కిలోల సిమెంటు బస్తాకి సుమారు 25 లీటర్ల నీళ్లు పడతాయనుకుందాం. సిమెంటు గట్టిపడేటప్పుడు అందులో కలిసిపోయేది సగం లోపే. మిగతా దాంట్లో చాలా భాగం మెల్లగా బయటికి రావాలి. వారం, పది రోజులు క్యూరింగ్‌కి కొట్టిన నీళ్లు దీనికి అదనం. క్యూరింగ్ తగ్గించమని కాదు, తగ్గిస్తే బలమే పోతుంది. కాంక్రీటు అంగుళం మందం ఆరడానికి నెల పడుతుందని ఇంజనీర్లు మోటుగా లెక్కేసుకుంటారు. ఆ నెలలు మీ ప్లానులో ఉన్నాయా?

లేకపోతే ఏమవుతుందో మొదటి వానాకాలంలోనే తెలుస్తుంది. రంగు బుడగలు లేస్తుంది, గోడ అడుగున తెల్లగా ఉప్పు పూస్తుంది. గోడకి ఆనించిన బీరువా తెరిస్తే ముక్క వాసన. పట్టుచీర మడతల మీద బూజు చుక్కలు. అప్పుడు మనం చేసే పని? గీకించి, లప్పం పెట్టించి, మళ్లీ రంగు వేయించడం. కనబడేదాన్ని కప్పేస్తే సమస్య తీరిందనుకునే ఈ అలవాటు ఇంటితో ఆగదని నా అనుమానం.

ముందు వేడుకనీ కాపురాన్నీ విడదీయడం నేర్చుకోండి. ముహూర్తానికి పాలు పొంగించండి, వ్రతం చేసుకోండి, భోజనాలు పెట్టండి, పెద్దవాళ్ల మాట ప్రకారం నిద్ర కూడా చేయండి. సామాను తర్వాత తెచ్చుకోవచ్చు. రెండు నెలల అద్దె దండగని బావగారు అంటారు. అననివ్వండి. చెక్క పని పాడైతే అయ్యే ఖర్చు ఆయన పెట్టుకోరు కదా!

"ఆరిపోయిందండీ" అన్న మాట నమ్మే ముందు పరీక్షించండి. మూరెడు చదరం ప్లాస్టిక్ షీటు గోడకి నాలుగు పక్కలా టేపుతో అతికించి మర్నాటిదాకా వదిలేయండి. లోపల నీటి చుక్కలు పట్టినా, గోడ రంగు ముదిరినా ఇంకా పచ్చిగా ఉన్నట్టే. మేస్త్రీతో వాదన అక్కర్లేదు, షీటు చూపిస్తే చాలు.

ఇంకొకరి ఇంట్లో చూసింది మనింటికి తెచ్చే ముందు "ఎందుకు" అని అడగండి. కెనడాలో గోడ లోపలి వైపు ప్లాస్టిక్ షీటు వేస్తారు. అక్కడి చలికి ఇంట్లో ఆవిరి బయటికి పోతూ గోడలో నీరవుతుంది, దాన్ని ఆపడానికి. విశాఖలో ఏసీ గదికి దారి తిరగబడుతుంది, బయటి ఉక్క లోపలికి వస్తుంది. బయటి గోడకి లోపల వినైల్ వాల్‌పేపర్ అంటిస్తే తడి దాని వెనకే చిక్కుకుని బూజు పడుతుంది.

ఇంట్లోకి వెళ్లాక స్నానం అయిన తర్వాత కూడా ఎగ్జాస్ట్ ఫ్యాను కాసేపు తిరగనివ్వండి. ఎండ కాసిన రోజు ఎదురెదురు కిటికీలు తెరవండి, తడి బట్టలు పడగ్గదిలో ఆరేయకండి. వార్డ్‌రోబ్ కొలతలకి వచ్చిన కార్పెంటర్‌తో బయటి గోడకి రెండంగుళాలు వదలమని ముందే చెప్పండి. "జాగా దండగ సార్" అంటాడు. ఆ రెండంగుళాలు కాగితం మీద రాయించి అడ్వాన్సు ఇవ్వండి.